లైటు కళ్ళలో ఉన్నంతసేపు

కారుకి ఏ లైట్లు వేయించాలన్న సంగతి మీద బావాబామ్మర్దులకి పొద్దున మొదలైన వాదన, రెండోసారి టీ తెప్పించుకున్నా తెగలేదు.

బామ్మర్దిది కార్ల లైట్ల కొట్టు. ఇంట్లో అందరూ అతన్ని బల్బు అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. కొట్టంటే పెద్దదేమీ కాదు, ఒక్క కారు పట్టేంత వెడల్పున్న పొడవాటి గది. చివరి గోడకి తెల్ల రంగు. దాని మీద నల్ల టేపుతో ఒక అడ్డగీత అంటించి ఉంటుంది. షట్టర్ దించేస్తే పట్టపగలు కూడా గది చీకటి గుయ్యారం. అప్పుడు కారు లైట్లు వేసి, వెలుగు అంచు ఆ గీతకి దిగువనే ఆగేలా స్క్రూలు తిప్పి సరిచేస్తాడు. గీత దాటి పైకి పోయిన వెలుగు ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది. బల్బు చదువు పెద్దగా సాగలేదు కానీ ఈ గీత విషయంలో మాత్రం పరమ ఛాదస్తుడు.

బావ టైల్స్ కంపెనీ సరుకు చూపిస్తూ కొట్టు కొట్టూ తిరిగే మనిషి. డిక్కీ నిండా నమూనా పలకల పెట్టెలు. తిరిగే ఊళ్ళలో అందరికీ అతను టైల్సాయనే. మాటకారి, కష్టపడతాడు, పెళ్ళాం అంటే ప్రాణం. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, ఎవరైనా తనకి చిన్నమెత్తు అన్యాయం చేస్తే దాన్ని కడుపులో పెట్టుకుని పోషిస్తాడు.

"జెనాన్ అంటే గ్యాసు బావా" అన్నాడు బల్బు, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "లోపల నిప్పురవ్వ పుట్టి గ్యాసు అంటుకుంటుంది. తెల్లగా, కాస్త నీలంగా, మైలు దూరం పోతుంది. కాదనను. కానీ వేయగానే వెలగదు. ముందు మినుకుమంటుంది, కాసేపటికి గానీ నిండదు. పైగా నీ కారు లైటు గిన్నె పాత బల్బు కోసం చేసింది. అందులో జెనాన్ పెడితే వెలుగు చెప్పిన మాట వినదు, చెల్లాచెదురైపోతుంది."

"మరి ఎల్ఈడీ?"

"నొక్కగానే ఠక్కున వచ్చేస్తుంది. కరెంటు తక్కువ తింటుంది. మన్నుతుంది కూడా. నా మాట విని అది వేయించుకో."

"రెంట్లో ఏది గట్టిగా కొడుతుంది?"

"దేన్ని?"

"ఎదుటివాడి కళ్ళని."

బల్బు నవ్వాడు. బావ నవ్వలేదు.

నవ్వే విషయం కాదు కూడా. చలికాలం మొదట్లో లోయ రోడ్డు మీద ఒక లారీ ఫుల్ లైట్లతో ఎదురొచ్చింది. టైల్సాయన ఎన్నిసార్లు డిప్ కొట్టినా వాడు దించలేదు. కళ్ళు బైర్లు కమ్మి, కారు కొండవైపు రాయికి రాసుకుంది. పక్క సీట్లో ఉన్న భార్య నుదురు అద్దానికి తగిలి చిట్లింది. చెంపల మీదుగా రక్తం కారుతున్నా ఆవిడే "ఏం కాలేదండీ, ఏం కాలేదు" అంటూ భర్తని ఓదార్చింది. లారీవాడు ఆగలేదు. కుట్లు మానిపోయాయి, మచ్చ మిగిలింది. ఆ మచ్చ కనపడిన ప్రతిసారీ టైల్సాయనకి ఒళ్ళు మండేది. లారీవాడు ఎటూ దొరకడు. దొరికినవాళ్ళ కళ్ళలోనే ఆ బాకీ తీర్చుకుందామనుకున్నాడు.

"జెనానే వెయ్యి" అన్నాడు.

"సరే, నీ ఇష్టం. కానీ పెట్టెలు డిక్కీలో పెట్టుకునే రా. బరువుకి వెనక కుంగితే ముందు లేస్తుంది. రోజూ మోసే బరువు పెట్టే నేను గీత చూడాలి" అన్నాడు బల్బు.

మర్నాడు టైల్సాయన ఖాళీ డిక్కీతో వచ్చాడు. పెట్టెలు కంపెనీకి తిరిగి ఇచ్చేశాననీ, ఇకమీదట పుస్తకంలో బొమ్మలు చూపిస్తే చాలనీ చెప్పాడు. బల్బు నమ్మాడు. షట్టర్ దించి, గోడ మీద వెలుగుని గీతకి దిగువన చక్కగా నిలబెట్టి ఇచ్చాడు. టైల్సాయన ఇంటికెళ్ళి పెట్టెలన్నీ ఎత్తి డిక్కీలో సర్దాడు. కారు వెనక్కి కుంగింది. ఎదురుగా ఉన్న ప్రహరీ మీద వెలుగు మెల్లగా పైకి లేచి, మనిషి మొహం ఎత్తున ఆగింది. దాన్ని చూసి అతనికి కడుపు నిండిపోయింది.

ఆ తరవాత కొన్నాళ్ళు మహా సంబరంగా గడిచాయి. ఎవడైనా ఫుల్ లైటుతో ఎదురొస్తే దగ్గరికి రానిచ్చి ఒక్కసారిగా తన ఫుల్ లైటు కొట్టేవాడు. వాడు కంగారుగా బ్రేకు తొక్కుతుంటే అద్దంలో చూసి "కుదిరిందా తిక్క?" అనుకునేవాడు. మొదట్లో తప్పు చేసినవాళ్ళకే. రానురాను చేతికి అలవాటైపోయింది. ఎవరొచ్చినా సరే.

లోయ రోడ్డుకి ఒక పక్క కొండ, ఒక పక్క మోకాలెత్తు గోడ. మధ్యలో పెద్ద మలుపు, ఆ మలుపులో కల్వర్టు. కల్వర్టు దగ్గర గోడ ఎప్పుడో కూలిపోయింది, మళ్ళీ కట్టినవాళ్ళు లేరు. ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, టైల్సాయన అటువైపు ఊరికి పోతున్నాడు. ఎదురుగా ఒక కారు ఫుల్ లైట్లతో వచ్చింది. అతను జవాబిచ్చాడు. ఆ కారువాడు హారన్ మోగించుకుంటూ, తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. టైల్సాయన నవ్వుకుంటూ లైటు దించడం మరిచాడు.

ఆ కారు వెనకాల ఒక స్కూటరు వస్తోంది.

బుడ్డి దీపంలాంటి లైటు. స్కూటరు మీద ఒక ఆడమనిషి. తెల్లటి వెలుగు మొహాన పడగానే ఆమె ఒక చెయ్యి ఎత్తి, మోచెయ్యి మడిచి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఒంటిచేత్తో స్కూటరు వంకర తిరిగింది. అంతే, ఆ చిన్న లైటు లేదు. అద్దంలో చూశాడు. ఖాళీ రోడ్డు. 'మలుపు తిరిగి ఉంటుంది' అనుకుని రేడియో గట్టిగా పెట్టుకున్నాడు.

పని చూసుకుని అదే దారిన వెనక్కి వచ్చాడు. కల్వర్టు దగ్గర వెలుగు రోడ్డు అంచు మీదుగా పాకుతూ వెళ్ళింది. అక్కడ, అంచుకి కిందగా, ఒక చెయ్యి. మోచెయ్యి మడిచి, కళ్ళ మీద అడ్డంగా. తుప్ప కాదు. గుడ్డ పేలిక కాదు. ఆ చేతి వెనక తల కూడా కనిపించింది. ఆ చెయ్యి కదిలింది కూడా. అతని కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. వెళ్ళిన కాలు అక్కడే ఆగి ఉంటే ఈ కథే లేదు. పోలీసులు గుర్తొచ్చారు, గీత దాటిన లైట్లు గుర్తొచ్చాయి, ఇంట్లో భార్య మొహం గుర్తొచ్చింది. కాలు పక్కకి జరిగింది. వెనకొచ్చేవాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాడు.

వెనకొచ్చినవాళ్ళు ఎవరూ చూడలేదు.

రెండు రోజుల తరవాత అటువైపు ఊళ్ళో ఒక టైల్స్ కొట్టు యజమాని చెప్పాడు. "విన్నారా? డ్యూటీ దిగి ఇంటికి పోతున్న నర్సట. కల్వర్టు కింద పడిపోయింది. నడుం విరిగి లేవలేకపోయింది. తెల్లారేదాకా ప్రాణం ఉందటండీ. పైన ఎన్ని బళ్ళు పోయాయో, ఎన్ని లైట్లు చూసిందో పాపం! ఆవిడ భర్త రాత్రంతా గుమ్మంలోనే కూర్చున్నాడట. స్కూటరు లైటు కనిపిస్తుందేమో, ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనుకుంటూ..."

టైల్సాయన "అయ్యో" అన్నాడు. కొత్త డిజైన్లు చూపించాడు. ఆర్డరు రాసుకున్నాడు. కొట్టు దాటి వచ్చాక కారు తలుపు తీయడానికి తాళం చెవి కన్నంలోకి దూరలేదు.

ఇల్లు చేరి, కారుని షెడ్డులో పెట్టి, ఇంజను ఆపాడు. కారులో పర్సు మరిచిపోయి మళ్ళీ వెళ్ళాడు. వెతకడానికి లైట్ల స్విచ్ నొక్కాడు. జెనాన్ మినుకుమంది. నీలం, ఊదా కలిసిన సన్నటి వెలుగు షెడ్డు గోడ మీద ఆడింది. కారు ముందు ఎవరో నిలబడి ఉన్నారు.

ఆడమనిషి. మోచెయ్యి మడిచి కళ్ళకి అడ్డం పెట్టుకుని.

వెలుగు నిండింది. గోడ, చీపురు, పాత సైకిలు. ఇంకెవరూ లేరు. కానీ షెడ్డంతా వాసన... తడి మట్టి వాసన, దానితో కలిసి ఆసుపత్రి గదుల్లో నేల తుడిచే మందు వాసన.

మనసు బాగాలేకపోతే కళ్ళు ఏవేవో చూపిస్తాయని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు మళ్ళీ స్విచ్ నొక్కాడు. నీలం వెలుగు మినుకుమన్నంతసేపూ ఆమె అక్కడే ఉంది. నిన్న ఎక్కడ నిలబడిందో అక్కడే. కాకపోతే చెయ్యి కొంచెం దిగింది. నుదురు కనిపిస్తోంది. నుదుటికి అంటిన మట్టి కనిపిస్తోంది. వెలుగు నిండేసరికి చెయ్యి మళ్ళీ చటుక్కున పైకి లేచింది, ఆ తరవాతే మాయమైంది.

మూడోనాడు కనుబొమ్మలు కనిపించాయి.

అప్పుడు అతనికి అర్థమైంది. ఆ రాత్రంతా నిద్రపట్టక దొర్లుతుంటే, ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా అర్థమైంది. ఆమె తనని చూడలేదు. ఆ సాయంత్రం తనెవరో, ఎలా ఉంటాడో ఆమెకి తెలియదు. ఆమె చూసింది వెలుగునే. ఇప్పుడు దాని వెనకాల ఎవరున్నారో చూడాలని వస్తోంది. లైటు ఆమె కళ్ళలో ఉన్నంతసేపు తను కనపడడు. మినుకుమనే ఆ కాసేపే ఆమెకి సందు.

సందు లేకుండా చేయాలి.

"ఎల్ఈడీ వేసెయ్యిరా" అన్నాడు తెల్లారగానే బల్బు కొట్టుకెళ్ళి.

"నేను ముందే చెప్పలేదా?" అన్నాడు బల్బు గర్వంగా. తరవాత బావ మొహం చూసి కంఠం తగ్గించాడు. "ఏంటి బావా, అలా పీక్కుపోయావు? అక్క కూడా అంటోంది, కారెక్కనివ్వడం లేదట కదా తనని?"

"నొక్కగానే ఠక్కున వస్తుందన్నావు. నిజమేనా? మధ్యలో మినుకుమనదు కదా?"

"రెప్పపాటు కూడా పట్టదు. ఒక్కటే తిప్పలు. జెనాన్ వేడికి ముందరి అద్దం వెచ్చగా ఉంటుంది, తేమ పడితే ఆరిపోతుంది. ఎల్ఈడీ ముందువైపు చల్లగా ఉంటుంది. బాగా మంచు పట్టిందనుకో, అద్దం మసకబారి అలాగే ఉండిపోతుంది."

"ఉండనీ."

"పెట్టెలు?"

"డిక్కీలోనే ఉన్నాయి" అన్నాడు టైల్సాయన. ఈసారి అబద్ధమాడే ఓపిక లేదు. బల్బు డిక్కీ తెరిచి పెట్టెలు చూశాడు. బావని చూశాడు.

పాతవి విప్పి కొత్తవి బిగించేసరికి మధ్యాహ్నమైంది. బల్బు షట్టర్ దించాడు. గది గుయ్యారమైంది. టైల్సాయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బల్బు ముందుకెళ్ళి బోనెట్ మీదికి వంగాడు.

"వెయ్యి బావా."

నొక్కాడు. తెల్లగా, ఒక్కసారిగా, కత్తితో కోసినట్టు వెలుగు. గోడ, నల్ల గీత. ఎవరూ లేరు. టైల్సాయన గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

బల్బు స్క్రూ తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు.

"బావా..."

"ఏంటి?"

"నువ్వు సీట్లోనే ఉన్నావు కదా?"

"ఉన్నాను. ఏం?"

"మరి ఈ నీడెవరిది?"

గోడ మీద, గీతకి సరిగ్గా పైన, మోచెయ్యి మడిచిన చెయ్యి నీడ. కారుకీ గోడకీ మధ్య ఏమీ లేదు. బల్బు చెయ్యి చాచి ఆ ఖాళీలో అటూ ఇటూ ఆడించాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి రుద్దుకున్నాడు. రుద్దుతూనే ఉన్నాడు.

"తడిగా ఉంది బావా" అన్నాడు.

గీత సరిచేయకుండానే షట్టర్ ఎత్తేశాడు. వెలుగు అలాగే మొహం ఎత్తున ఉండిపోయింది. టైల్సాయనకీ కావాల్సింది అదే.

తరవాత కొన్నాళ్ళు ఆమె కనిపించలేదు. నిజం చెప్పాలంటే అతను సందివ్వలేదు. పగలూ లైట్లు వేసే తిరిగాడు. ఎదురొచ్చినవాళ్ళు తిట్టినా దించలేదు. షెడ్డులో ఇంజను ఆపి, లైట్లు ఆర్పి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పరుగెత్తేవాడు. లోయ రోడ్డు మానేసి చుట్టుదారిన పోయేవాడు. భార్య కారు దగ్గరికొస్తే మీద పడి కసిరేవాడు. అంతకుముందు ఏనాడూ ఆవిడని కసిరిన మనిషి కాదు.

"నేనేం చేశానండీ?" అని అడిగింది ఆవిడ ఒకరోజు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

చెప్పేద్దామనుకున్నాడు. నాలిక చివరిదాకా వచ్చింది. నుదుటి మీద ఆ మచ్చ కనిపించింది. ఇదే చేసిన లారీవాడిని ఆవిడ ముందే ఎన్ని శాపనార్థాలు పెట్టాడో గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ తనని మంచివాడిగా చూసిన ఆ కళ్ళు ఇక వేరుగా చూస్తాయి. నోరు మూసుకున్నాడు.

ఆ వారంలోనే చుట్టుదారి మీద వంతెన కూలింది.

అటువైపు ఊళ్ళో పని ముగించుకుని బయల్దేరేసరికి పోలీసులు బళ్ళన్నిటినీ లోయ రోడ్డుకి మళ్ళిస్తున్నారు. ఇంకా పొద్దు పూర్తిగా కుంకలేదు. కానీ మంచు దిగుతోంది. రోడ్డు మీద పొగలా కదులుతోంది. మిగతా బళ్ళ వెనకే పోదామనుకున్నాడు. ముందున్న కారు ఎర్ర లైట్లు కాసేపు కనిపించాయి. తరవాత అవీ మంచులో కలిసిపోయాయి. అద్దాలు ఎత్తేసి, రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. తెల్లటి వెలుగు తెల్లటి మంచుకి తగిలి, దూది గోడలా ఎదురుగా నిలబడింది.

మలుపు ఇంకా రాలేదు. వస్తే తెలుస్తుంది. తెలుస్తుందిలే.

వెలుగు తగ్గినట్టనిపించింది. కళ్ళు నులుముకున్నాడు. కాదు, తగ్గుతోంది. కుడివైపు లైటు మసకబారింది. కాసేపటికి ఎడమదీ. అద్దం మీద తేమ పడుతోంది. బల్బు చెప్పిన మాట గుర్తొచ్చింది. దిగి తుడవాలి. దిగడమా? ఇక్కడా? కానీ తుడవకపోతే... కారు ఆపాడు. ఇంజను ఆపకుండా, తలుపు తీసి పెట్టి, గుడ్డ పట్టుకుని ముందుకి రెండంగలు వేశాడు. లైటు అద్దం గట్టిగా తుడిచాడు. పోలేదు. మళ్ళీ తుడిచాడు. వేలు పెట్టి చూశాడు. అద్దం బయట పొడిగా ఉంది.

తేమ లోపలుంది.

బిగించి మూసిన లైటు లోపల, ఊపిరి వదిలినట్టు ఆవిరి వచ్చి అద్దానికి కొట్టుకుంటోంది. తగ్గుతోంది. మళ్ళీ కొట్టుకుంటోంది. ఆగి ఆగి... ఆయాసపడుతున్న మనిషి ఊపిరిలా.

మట్టి వాసన. ఆసుపత్రి వాసన.

గుడ్డ జారిపోయింది. కారులోకి వచ్చి పడి తలుపు వేసుకున్నాడు. గేరు వేయబోయాడు. పడలేదు. ఫుల్ లైటు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బుడ్డి దీపమంత వెలుగు కూడా లేదు. ఆ మసకలో, కారుకి ముందు, కూలిన గోడ కనిపించింది. కల్వర్టు.

గోడ అంచు దగ్గర ఆమె.

మోచెయ్యి కళ్ళకి అడ్డం. కారు వైపు ఒక అడుగు. లైట్లు ఇంకా మసకబారాయి. చెయ్యి కొంచెం దిగింది. ఇంకో అడుగు. ఇంకొంచెం. నుదురు... కనుబొమ్మలు... అతను కళ్ళు మూసుకుందామనుకున్నాడు. రెప్పలు పడలేదు. ఆమె బోనెట్ మీద చెయ్యి ఆనించుకుని, కుంటుతూ, పక్కగా వచ్చింది. డ్రైవరు వైపు అద్దం దగ్గర ఆగింది.

చెయ్యి పూర్తిగా దించింది.

మామూలు కళ్ళు. అలిసిపోయిన కళ్ళు. రాత్రంతా ఎవరో ఒకరు ఆగుతారని చూసి చూసి ఎండిపోయిన కళ్ళు. వాటిలో అసలు కోపమే కనపడలేదు. ఎత్తిపెట్టిన కారు అద్దం మీద ఆవిరి పడింది. లోపలివైపు పడింది.

"ఇప్పుడు కనిపించావు" అంది.

అతని పెదాలు కదిలాయి. క్షమించమందామనుకున్నాడు.

"మా ఆయన గుమ్మంలో ఎదురుచూశాడు" అంది ఆమె, ఇంకా మెల్లగా. "నువ్వూ చూడు."

లైట్లు ఆరిపోయాయి.

వెనకొచ్చిన బండివాళ్ళు ఈసారి ఆగారు. కారు రోడ్డు మధ్యలో ఉంది. చిన్న గీత కూడా పడలేదు. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయట, ఇంత మంచులోనూ కళ్ళు చెదిరేలా. టైల్సాయన సీట్లో కూర్చుని, మోచెయ్యి మడిచి కళ్ళకి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. చెయ్యి దించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. దించాక చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ వాటికి ఏమీ ఆనడం లేదు.

కళ్ళ డాక్టరు అన్ని పరీక్షలూ చేశాడు. కళ్ళకి ఏ లోపమూ లేదన్నాడు. చీకటి గదిలో కూర్చోబెట్టినా పాపలు చిన్నవైపోయే ఉంటున్నాయి, ఎదురుగా ఎవరో లైటు పట్టుకున్నట్టు, ఇదెక్కడా చదవలేదు అన్నాడు. మందులు రాసిచ్చి ఇంటికి పంపించాడు.

టైల్సాయనకి మాత్రం ఆనకపోవడం కాదు. ఒకటి ఆనుతోంది. నలువైపులా కాటుకలాంటి చీకటి. ఎక్కడో, చాలా దూరంలో, ఒక చిన్న పసుపు చుక్క. తల ఎటు తిప్పినా అది ఎదురుగానే ఉంటుంది. మొదట్లో ఆవగింజంత ఉండేది. రోజురోజుకీ పెరుగుతోంది. కొంచెం ఊగుతోంది కూడా, గతుకుల దారిలో వస్తున్నట్టు. ఈ సంగతి అతను డాక్టరుకి చెప్పలేదు. బల్బుకి చెప్పలేదు. భార్యకి అసలే చెప్పలేదు.

ఆవిడ మాత్రం ఒక్క మాట అనకుండా సేవ చేస్తోంది. అన్నం తినిపిస్తుంది, గడ్డం గీస్తుంది, కబుర్లు చెబుతుంది. కసిరిన రోజులు ఆవిడకి గుర్తే లేనట్టుంది. ఆవిడ చెయ్యి నొసటి మీద పడినప్పుడల్లా అతనికి గుండె పిండేసినట్టుండేది. ఈ ఒక్క మనిషి ఉంటే చాలు, కళ్ళు లేకపోయినా బతికేస్తాననుకునేవాడు.

ఒక సాయంత్రం ఆవిడ కళ్ళలో చుక్కలమందు వేయడానికి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. చలిగా ఉందని శాలువా కప్పుకుని ఉంది, అతని చేతికి ఆ ఉన్ని తగిలింది. అతని రెప్ప పైకెత్తింది. మందు పడలేదు. ఆవిడ కదలడం లేదు.

"ఏమైంది?" అన్నాడు.

"కరెంటు పోయిందండీ" అంది ఆవిడ. "ఇందాకే పోయింది. ఇల్లంతా చీకటి."

"అయితే?"

"మీ కంట్లో ఏదో వెలుగుతోంది."

"నీకూ కనిపిస్తోందా?"

"చిన్న లైటు. పసుపుపచ్చగా. ఎవరో స్కూటరు మీద వస్తున్నట్టుందండీ." ఆవిడ ఇంకా దగ్గరికి వంగింది. ఆవిడ ఊపిరి అతని చెంపకి తగిలింది. "ఆడమనిషి. వెనకాల ఇంకొకరిని కూర్చోబెట్టుకుంది."

టైల్సాయన ఉలిక్కిపడ్డాడు. ఆ సాయంత్రం స్కూటరు మీద ఆమె ఒక్కతే ఉంది. బాగా గుర్తు. చచ్చినా మరిచిపోలేడు.

"వెనకాల ఎవరున్నారు? సరిగ్గా చూడు."

"మొహం కనపడడం లేదండీ. అటు తిరిగి కూర్చుంది." ఆవిడ గొంతు మారింది. ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టు పలచబడింది. "కప్పుకున్న శాలువా మాత్రం... నాదేనండీ."

అతను చీకట్లో చేతులు చాచి ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. మంచుగడ్డలా చల్లగా ఉన్నాయి. శాలువా లేదు.

"శాలువా ఏదీ?" అని అరిచాడు.

"ఇప్పటిదాకా భుజం మీదే ఉంది కదండీ" అంది ఆవిడ.

అతను ఒక చేత్తో ఆవిడని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మంచమంతా తడిమాడు. దిండు కింద చూశాడు. వంగి నేలంతా తడిమాడు. శాలువా దొరకలేదు. చేతికి తడి మట్టి అంటింది.